మంచం నంబరు ఏడు, రెండో షిఫ్టు

వాట్‌గంజ్, కోల్‌కతా
12 జనవరి 2025

పెదనాన్నా,

నేను పన్నులు ఎగ్గొట్టించేదాన్ని కాను. ముందు ఈ మాట రాసేసి, తర్వాత మిగతావి రాస్తాను.

మొన్న బారువ నుంచి ఎవరో ఫోన్ చేశారు. "సూరన్న కూతురివేనా? గవర్మెంటుకి డబ్బు కట్టకుండా సేసే సదువు సదివావని మీ పెదనాన్న సెప్పినాడు. మా కొబ్బరితోటకి ఏటైనా సెయ్యమ్మా" అన్నారు. అంతకు ముందు వారం ఇంకొకాయన ఇంటిపన్ను రసీదులన్నీ కట్టగట్టి పోస్టులో పంపాడు. నువ్వు ఊళ్లో అలా చెప్పావు సరే, అమ్మ ఇక్కడ ఎదురింటావిడతో "మా చిన్ని ఇన్‌కంటాక్సు ఆఫీసరు, రెయిడ్లకి వెళ్తుంది" అని చెప్పింది. అప్పటినుంచి నేను డాబా మీదికి వస్తే ఆవిడ కిటికీ మూసుకుంటోంది. నాన్నని అడిగితే "ఏదో లాయరు" అంటాడు. ఒకే ఇంట్లో ఒకరికి దొంగని, ఒకరికి పోలీసుని, ఒకరికి ఏదోని.

లాహిరి సార్ చాంబర్లో నేను చేసే పని ఇది. ఒకడికి స్థలం ఉంటుంది, ఒకడికి కట్టే సత్తా ఉంటుంది, ఇంకొకడికి వ్యాపారం ఉంటుంది. ముగ్గురూ కలవాలనుకుంటారు. ఎవరు ఎవరికి ముందు ఇవ్వాలి, ఏ పేరు మీద ఇవ్వాలి, అమ్మాలా, కలిసి ఒక సంస్థ పెట్టాలా, అద్దెకి తిప్పాలా? వరస మారితే పన్ను మారుతుంది. ఆ వరస రాసేది మేము. పెళ్లి భోజనాల్లో ఎవరిని ఏ బంతిలో కూర్చోబెట్టాలో చూసుకునే పెద్దమనిషి ఉంటాడు చూడు, అలాంటి పనే. కాకపోతే ఇక్కడ అలిగేది గవర్నమెంటు.

ఇదంతా ఫోనులో చెబుదామంటే నువ్వు పన్ను మాట వినగానే "వాళ్లు ఇంటారే" అని పెట్టేస్తున్నావు. ఎవరూ వినరు. అయినా సరే, ఉత్తరమే రాస్తున్నాను. నాకు తెలుగు అక్షరాలు దిద్దించినవాడివి నువ్వే కనక తప్పులుంటే నీవే.

ఇప్పుడు అసలు సంగతి. మన బాసా, అదే రేవు పనికొచ్చిన మనవాళ్లంతా కలిసి ఉండే ఇల్లు, ఉన్న సందులో చుట్టుపక్కల ఇళ్లన్నీ జయప్రకాశ్ అనే ప్రమోటరు కొనేశాడు. పది అంతస్తులు కడతాడట. మధ్యలో మన బాసా ఒక్కటే మిగిలింది. ఆయనకి పన్ను లాయరు మా లాహిరి సారే. బాసా దస్తావేజు తీసి చదివితే సార్‌కి ఏమీ అర్థం కాలేదు. నాకు ఇచ్చారు. నాకు అర్థమైంది, అందుకే ఇంకా భయం వేసింది. "ఇది మా వాళ్ల ఇల్లు సార్, ఈ ఫైలు నేను ముట్టుకోవచ్చా?" అని అడిగాను. "నీకందులో మంచం ఉందా?" అన్నారు. లేదన్నాను. "అయితే ముట్టుకో" అన్నారు.

నలభై ఇద్దరు మనుషులు ఇల్లు కొనకుండా మంచాలు ఎందుకు కొన్నారు? ఎవరు రాయించారు అలా? నీకు తెలిసినంత రాయి.

బాసాలో ఇప్పుడు నలుగురు ముసలాళ్లూ వంటింట్లో దాలమ్మా మిగిలారు. దాలమ్మ నిన్ను అడిగింది. ఏమని అడిగిందో రాస్తే పెద్దమ్మ చదువుతుంది కాబట్టి రాయను.

నీ
సౌజన్య

*

బారువ
24 జనవరి 2025

కుమారి లక్ష్మీసౌజన్యకు పెదనాన్న బంగారయ్య వ్రాయునది. ఇక్కడ నేనూ మీ పెద్దమ్మా నిలబడే ఉన్నాం. గేదె ఈనింది, పెయ్యదూడ. నీ ఉత్తరంలో తప్పులు ఎనిమిది. ఎర్రసిరాతో దిద్ది వెనక్కి పంపుతున్నాను, చూసుకో.

పన్ను ఎగ్గొట్టడం కాదు, వరస మార్చడం అని రాశావు. అలాగే. ఊళ్లో కూడా అలాగే చెప్పాను. "మా గుంట వరస మారుస్తాది, పన్ను దారి తప్పుతాది" అని. ఇప్పుడు ఇంకా ఎక్కువమంది వస్తున్నారు.

మంచాల సంగతి. 1968లో ఆ ఇంటి బెంగాలీ యజమాని ఇల్లు అమ్ముకుని కాశీ పోదామనుకున్నాడు. మనవాళ్లు రేవులో పని చేసేవాళ్లు నలభై ఇద్దరు, మంచాలు పద్నాలుగు. ఒక్కో మంచం మీద ఎనిమిదేసి గంటల చొప్పున ముగ్గురు పడుకునేవారు. ఒకడు లేచి డ్యూటీకి పోతే ఇంకొకడు డ్యూటీ దిగి పడుకునేవాడు, దుప్పటి చల్లారేది కాదు. అందరూ కలిసి కొందామని ఆలీపూర్ రిజిస్ట్రీ ఆఫీసుకి పోయారు. అక్కడ దస్తావేజులు రాసే ముహురీ మా నాన్నని అడిగాడట, "మీరు కొనేది ఏమిటి?" అని. మా నాన్న అబద్ధమాడే మనిషి కాదు. "నాను కొనేది ఏడో నంబరు మంచం, మజ్జేనం రెండు నుంచి రాత్రి పది దాకా" అన్నాడు. తర్వాతవాడు "నాది అదే మంచం, పది నుంచి ఆరు" అన్నాడు. ముహురీ నలభై రెండు సార్లు అలాగే రాసుకున్నాడు. ప్రతివాడూ తనకేది తెలుసో అదే కొన్నాడు. ఇందులో తప్పేముంది?

మా నాన్న పోయాక ఏడో నంబరు రెండో షిఫ్టు నాకొచ్చింది. ఇరవై ఏడేళ్లు పడుకున్నాను. వాటాలు వేసేటప్పుడు మీ సార్‌కి ఒక ముక్క గట్టిగా చెప్పు. రాత్రి పడుకున్నవాడికీ, భాద్రపదం ఎండలో మధ్యాహ్నం రెండింటికి బాసా రేకుల కింద పడుకున్నవాడికీ ఒకే వాటా ఇస్తే అది న్యాయం కాదు. చెమటకి వేరే లెక్క ఉండాలి.

దాలమ్మ ఏమని అడిగిందో వేరే కాగితం మీద రాసి పంపు.

ఇట్లు, సంతకం చేసినవాడు
బంగారయ్య

*

వాట్‌గంజ్
4 ఫిబ్రవరి 2025

పెదనాన్నా,

నీ చెమట వాదన నవ్వుకోడానికి సార్‌కి చదివి వినిపించాను. ఆయన నవ్వలేదు. కళ్లజోడు తీసి, తుడిచి, "పాయింటు ఉంది" అన్నారు.

మూడు రోజులుగా చాంబర్లో వేరే పని లేదు. నలభై ఇద్దరూ విడివిడిగా అమ్మితే నలభై రెండు దస్తావేజులు, నలభై రెండు పన్ను గొడవలు. అందుకని సార్ వేసిన వరస ఇలా ఉంది. ముందు మంచాల హక్కులన్నీ ఒక సంస్థలో కలుపుతారు. మీరందరూ భాగస్వాములు. ఆ సంస్థ స్థలం జయప్రకాశ్‌బాబుకి కట్టడానికి ఇస్తుంది, కట్టాక రెండో అంతస్తు సంస్థకి వస్తుంది, దాన్ని ఏదో బ్యాంకుకి అద్దెకిస్తారు, అద్దె మీరు పంచుకుంటారు. సంస్థకి సార్ పెట్టిన పేరు "శయ్యా రియల్టర్స్". ఆయనకి సంస్కృతం ఇష్టం.

వాటాల పట్టికలో ఇప్పుడు నిలువు గడులు ఆరు ఉన్నాయి: మంచం, షిఫ్టు, ఎండ, కిటికీ పక్కనా కాదా, ఫ్యాను కిందనా కాదా, నల్లులు. ఎనిమిదో మంచంవాడు గవరయ్య 1979లో జ్వరమొచ్చి ఆరు రోజులు మంచం దిగలేదట. మిగతా రెండు షిఫ్టుల వారసులు అది ఆక్రమణే అని ఉత్తరం పంపారు. ఓవర్‌టైము చేసినవాళ్లు తక్కువ పడుకున్నారు గనక వాళ్ల వాటా తగ్గించాలని ఇంకొకరు. ఎన్ని ఏళ్లు చేతిలో ఉంచుకుంటే ఎంత పన్ను అని చట్టంలో ఉంటుంది కదా, రోజుకి ఎనిమిది గంటలే చేతిలో ఉన్నదాన్ని ఏళ్లలో ఎలా లెక్కపెట్టాలని ఇద్దరు ఆడిటర్లు కొట్టుకునేంత పని చేశారు. నేను మధ్యలో టీ పోశాను. అయిదేళ్లు లా చదివాను పెదనాన్నా.

ఆదివారం బాసాకి వెళ్లి దాలమ్మకి ఇదంతా చెప్పాను. ఉల్లిపాయలు తరుగుతూ విన్నది. అంతా విని, "మరి నానెక్కడికెల్లాలే?" అంది.

సోమవారం సార్‌ని అదే అడిగాను. పట్టిక పైనుంచి కిందికి వేలు పెట్టి చూశారు. "ఆవిడ ఏ మంచం?" అన్నారు. ఏ మంచమూ కాదు, ఆవిడ నలభై ఏళ్లుగా వంటింట్లో చాప మీద పడుకుంటోంది అన్నాను. "చాపకి గడి లేదు" అన్నారు. వెటకారంగా కాదు, నిజంగా బాధపడుతూనే అన్నారు. పాత ఇల్లు కూల్చే రోజు ఆవిడ చేతిలో ఏదో పెట్టి పంపిస్తారట. డెబ్బై ఏళ్ల మనిషి ఎక్కడికి పోతుందని నేనడిగితే దానికీ గడి లేదు.

నలభై రెండు సంతకాలూ నేను తెస్తే చాంబరు బయట ఇత్తడి బోర్డు మీద నా పేరు చెక్కిస్తామన్నారు. ఇది కూడా నీకు చెప్పాలి. నాకు ఆ బోర్డు కావాలి.

అందరికంటే పెద్దవాడివి నువ్వే కనక నువ్వు సంతకం చేస్తే మిగతావాళ్లు చేస్తారు. ఏడో మంచం నీ అధీనంలో ఉన్నట్టు ఏదైనా రుజువు ఉంటే పంపు. పాత కార్డు, ఫోటో, ఏదైనా.

సౌజన్య

*

బారువ
15 ఫిబ్రవరి 2025

లక్ష్మీసౌజన్యకు,

భాగస్వామి అని నువ్వు రాసిన మాట పోస్టుమాస్టరు చేత కూడా చదివించాను. ఆయనా అదే అన్నాడు. పలాసలో కార్డులు అచ్చు వేయించాను. నమూనా జతచేశాను:

"బంగారయ్య, భాగస్వామి, శయ్యా రియల్టర్స్, కోల్‌కతా. మంచం నం. 7 (రెండో షిఫ్టు)."

రెండు సఫారీ సూట్లు కుట్టించాను. బ్యాంకు ఉండే అంతస్తులో నా కుర్చీ ఎక్కడ వేస్తారో కనుక్కో. ఫ్యాను కింద అయితే మంచిది. రోజూ రానవసరం లేదంటే నెలకోసారి వస్తాను.

ఇక్కడ సంగతులు వింటే నవ్వుతావు. మంచాలు చేతులు మారుతున్నాయి. ప్రసన్నకుమార్ తన తాత తాలూకు మొదటి షిఫ్టు అల్లుడికిస్తానన్నాడు. అల్లుడు "మొదటిది వొద్దు మావా, రాత్రిపూటది ఇప్పించు" అని అలిగి మూడు రోజులు అన్నం తినలేదు. ఆ మంచం మీద వాడెప్పుడూ పడుకోడు, ఆ ఇల్లే ఉండదు. అయినా అలిగాడు.

రుజువు అడిగావు. ఫోటో ఎందుకు? 1998లో రిటైరై వచ్చేటప్పుడు ఏడో నంబరు మంచం నాతోనే తెచ్చేశాను. మీ పెద్దమ్మ దాని మీద వడియాలు ఎండబెడుతోంది. ఇప్పుడే దులిపించి, కాళ్ల మీద పాత నంబరు కనిపించేలా తుడిపించి, పలాసలో రైలు పార్సిలు వేశాను. షాలిమార్ స్టేషన్లో దిగుతుంది. రసీదు జతచేశాను. తీసుకెళ్లి దాని చోట దాన్ని వెయ్యి. రుజువంటే అదే రుజువు.

దాలమ్మ కోసం నువ్వెందుకు అంత రాశావో నాకు తెలియలేదు. ఆవిడ మంచం కొన్నదా? కొననప్పుడు ఏ వరసలో పెట్టినా ఒకటే. నీకు బోర్డు కావాలన్నావు, అది రాయించుకో. మన ఇంటి పేరు ఇత్తడి మీద చూసి పోతాను.

ఇట్లు, భాగస్వామి
బంగారయ్య

*

వాట్‌గంజ్
27 ఫిబ్రవరి 2025

పెదనాన్నా,

నీ మంచం రైలెక్కిందని చెప్పగానే లాహిరి సార్ కుర్చీలోంచి లేచారు. "ఇరవై ఏడేళ్లుగా స్థిరాస్తి ఆంధ్రాలో ఉందా?" అన్నారు. మంచం ఊరు వెళ్లినప్పుడు హక్కు కూడా వెళ్లిందా, లేక హక్కు వాట్‌గంజ్‌లోనే ఖాళీ నేల మీద పడుకుని ఉందా, ఇప్పుడు తిరిగి వస్తే అది కొత్త ఆస్తా పాతదా అని సాయంత్రం దాకా చర్చ. చివరికి "ఎవరూ చూడకముందే దాన్ని దాని చోట పెట్టెయ్" అన్నారు. నలభై ఏళ్ల అనుభవమున్న లాయరు సలహా ఇది.

నిన్న షాలిమార్ పార్సిలు ఆఫీసుకి వెళ్లాను. గుమాస్తా రసీదు చూసి, మంచం చూసి, నన్ను చూసి, "దీదీ, కోల్‌కతాలో మంచాలు దొరకవా?" అని అడిగాడు. వడియాల వాసన ఇంకా పోలేదు. ఒక చిన్న ట్రక్కు మాట్లాడుకుని, హుగ్లీ వంతెన మీదుగా మధ్యాహ్నానికి బాసాకి చేర్చాను. జయప్రకాశ్‌బాబు ఇంజినీరు టేపు పట్టుకుని అప్పటికే గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. పదకొండింటి నుంచి అక్కడే ఉన్నాడట.

నువ్వు ఆ ఇంట్లో ఇరవై ఏడేళ్లు ఉన్నావు కాబట్టి నీకు తెలిసే ఉంటుంది, నాకు మాత్రం నిన్ననే మొదటిసారి కనిపించింది. మెట్లు వంటింట్లోంచే. మంచాల గదుల్లోకి వెళ్లాలంటే వంటిల్లు దాటాలి. వేరే దారి లేదు.

దాలమ్మ గుమ్మానికి అడ్డంగా పీట వేసుకుని చేపలు కడుగుతోంది.

"పిన్నీ, కొంచెం జరుగు, మంచం పైకి తీసుకెళ్లాలి" అన్నాను.

"ఎవులిదే ఆ మంచం?"

"పెదనాన్నది. ఏడో నంబరు."

"పట్టుకెల్లేటప్పుడు నన్నడిగే పట్టుకెల్లినాడు. తెచ్చేటప్పుడు అడగడేటి?"

"ఇప్పుడు నేను అడుగుతున్నాను కదా."

"నువ్వడిగితే నాను వొద్దన్నాను. అయిపోనాది."

ఇంజినీరు బెంగాలీలో "మాసీ, రెండు నిమిషాలు కొలుచుకుని పోతాం" అన్నాడు. ఆవిడ చేప తోక పట్టుకుని పైకెత్తింది, అంతే. అతను రెండడుగులు వెనక్కి వేశాడు. పైనుంచి నలుగురు ముసలాళ్లలో ఒకాయన తొంగి చూసి, "పాపా, దాలమ్మ ఒప్పుకోకపోతే మేమే కిందికి రాలేం, మంచమెలా వస్తాది?" అన్నాడు.

మంచం సందులోనే ఉంది. ఎదురుగా ఇస్త్రీ బండి అతను దాని మీద బట్టలు పెట్టుకుంటున్నాడు.

రాత్రి కాదు, అప్పుడే, ఆ సందులోనే నిలబడి దస్తావేజు మళ్లీ చదివాను. ఫోనులో ఫోటో ఉంది. "మంచములును, అవి వేయబడియున్న చోటును" అని ఉంది. అంతవరకే. మీరు నలభై ఇద్దరూ మంచాలు కొన్నారు, మంచాల కింద నేల కొన్నారు. వంటిల్లు ఎవరూ కొనలేదు. మెట్లు ఎవరూ కొనలేదు. ముహురీ అడిగినప్పుడు ఆ పేరు ఎవరూ చెప్పలేదు.

కాబట్టి నాలుగు ప్రశ్నలు అడుగుతున్నాను. దాలమ్మని వంటింట్లో ఉండమని మీలో ఎవరైనా చెప్పారా? ఆవిడకి ఎప్పుడైనా జీతం ఇచ్చారా? ఆవిడ దగ్గర అద్దె తీసుకున్నారా? తాళం ఎవరి దగ్గర ఉండేది? జరిగింది జరిగినట్టు రాయి. నాకు నచ్చేలా వద్దు, నీకు లాభమొచ్చేలా వద్దు.

సౌజన్య

*

బారువ
9 మార్చి 2025

లక్ష్మీసౌజన్యకు,

నా మంచం మీద ఇస్త్రీ బట్టలా! ఈ ఒక్క ముక్కకే రక్తపోటు మాత్ర రెండు వేసుకున్నాను.

నీ ప్రశ్నల వెనక ఏముందో నాకు తెలిసిపోయింది. ఆ ముసలిది నీ చెవిలో ఏదో ఊదింది, మేమే దాన్ని పిలిచి పెట్టుకున్నామని, మా మాట మీదే ఉందని చెప్పి జాలి పుట్టించింది. నీకు నాలుగింటికీ జవాబు చెబుతాను, ఆ జాలి ఇవాళతో పోతుంది.

ఎవరూ ఉండమనలేదు. ఆవిడ మొగుడు పోయాక 1984లో ఒక చాప, ఒక గిన్నె పట్టుకుని వచ్చి వంటింట్లో కూర్చుంది. మా వంటవాడు పారిపోయిన వారమది, ఆకలి మీద ఉన్నాం, కూరల వాసనకి నోరు మూసుకున్నాం. జీతం ఎవడిస్తాడు? పూటకూళ్లకి తలా ఇంత ఇచ్చేవాళ్లం, తిన్నదానికి. అద్దె అడిగే ధైర్యం ఎవడికుంది?

1991లో మీటింగు పెట్టి నలభై ఇద్దరం ఒక్కమాట మీద ఖాళీ చెయ్యమని నోటీసు రాశాం. రాసింది నేనే, బాసాలో అందరి ఉత్తరాలూ నేనే రాసేవాణ్ని కదా. మంచి గ్రాంథికంలో రాశాను. ఆవిడ దాన్ని తీసుకుని, పొయ్యిలో పెట్టి, ఆ మంట మీద టీ కాచి మాకే పోసింది. "ఇది నా వొంటిల్లు. మీకు సేతనైతే ఎల్లగొట్టండి" అని అట్లకాడ తీసింది. ప్రసన్నకుమార్ తాత వీపు మీద ఆ మచ్చ ఆయన పోయేదాకా ఉంది. మర్నాటి నుంచి గుమ్మానికి ఆవిడ తాళమే. షిఫ్టు మారిన అరగంటకి వేసేది. అయిదు నిమిషాలు ఆలస్యమైతే ఫుట్‌పాతే. నేనే రెండుసార్లు పడుకున్నాను. కరెంటు మీటరు కూడా ఎలా చేసిందో తన పేరు మీద పెట్టించుకుంది. ముప్పై నాలుగేళ్లుగా ఆ వంటిల్లు దాటాలంటే మేమే ఆవిడ అనుమతి అడుగుతున్నాం, ఆవిడ మమ్మల్ని ఒక్కసారీ అడగలేదు.

ఇప్పుడు చెప్పు. ఇలాంటి మనిషికి హక్కేమిటి? మేము ఇచ్చింది ఏదైనా ఉంటే కదా హక్కు? దౌర్జన్యంగా కూర్చుంది. మీ సార్‌కి ఈ ఉత్తరం చూపించు.

కుర్చీ సంగతి నువ్వు రాయలేదు.

బంగారయ్య

*

వాట్‌గంజ్
20 మార్చి 2025

పెదనాన్నా,

నువ్వు రాసింది చాలా ముఖ్యమైనది. ఉత్తరంలా కాకుండా, ఆ నాలుగు జవాబులే, సంవత్సరాలతో సహా, వేరే కాగితం మీద రాసి, ఇద్దరు సాక్షుల ముందు సంతకం పెట్టి పంపగలవా? పంపాలని లేదు. ఆ కాగితం ఎవరికి పనికొస్తుందో ఇప్పుడు నేను చెప్పడం లేదు. రాసేముందు ఒక లాయరుకి చూపించుకో. నేను కాని లాయరుకి.

మంచానికి టార్పాలిన్ కప్పాను.

సౌజన్య

*

బారువ
1 ఏప్రిల్ 2025

లక్ష్మీసౌజన్యకు,

వేరే లాయరెందుకు? ఇంట్లో ఒకత్తిని పెట్టుకుని బయటివాడికి ఫీజు కట్టేంత తెలివితక్కువవాణ్ని కాను. ఎవరికి పనికొస్తుందో చెప్పనన్నావు. చెప్పక్కరలేదు, నాకు అర్థమైంది. దాన్ని వెళ్లగొట్టడానికి మీ సార్ అడిగాడు, ముసలిదాని మీద కాగితం అడగడానికి నీకు మొహమాటం. నీ మంచితనం నాకు తెలుసు.

కాగితం జతచేశాను. మూడు పేజీలు. ఇద్దరు చాలన్నావు, తొమ్మిది మంది సాక్షులు పెట్టారు. ప్రసన్నకుమార్ తన తాత మచ్చ గురించి ప్రత్యేకంగా ఒక పేరా రాశాడు. పోస్టుమాస్టరు స్టాంపు కూడా వేశాడు, అడగకుండానే. ఒక్క అక్షరదోషం లేదు.

సఫారీ సూటు వేసుకుని ఫోటో దిగాను. ఇత్తడి బోర్డు ఫోటో నువ్వు పంపు.

బంగారయ్య

*

ఖిదిర్‌పూర్
22 ఏప్రిల్ 2025

పెదనాన్నా,

చిరునామా మారింది, చూసుకో. లాహిరి సార్ చాంబరు పదో తారీఖున వదిలేశాను. బజారులో మందుల షాపు పైన ఒక గది తీసుకున్నాను. బల్ల ఒకటి, కుర్చీలు రెండు. బోర్డు లేదు.

సార్‌కి నీ మార్చి తొమ్మిదో తారీఖు ఉత్తరం చూపించమన్నావు, చూపించాను. తర్జుమా చేసి మొదటి నుంచి చివరిదాకా చదివాను. అట్లకాడ దగ్గరికి వచ్చేసరికి ఆయన పట్టిక మడిచేశారు. "ఇది మీ పెదనాన్న స్వహస్తంతో రాశాడా?" అన్నారు. అవునన్నాను. "ఆయన తరఫు లాయరు ఎవరు?" అన్నారు. నేనే అని ఆయన అనుకుంటున్నాడు అన్నాను. ఆ ఉత్తరం ఫైల్లోంచి తీసేసి, సంతకాలు తెచ్చే పని కొనసాగించమన్నారు. నేను రాజీనామా రాసిచ్చాను. ఆయన దాంట్లో ఒక కామా దిద్ది తీసుకున్నారు.

ఇప్పుడు చట్టం చెబుతాను. సొంతం కాని చోట ఎవరి అనుమతీ లేకుండా, అందరికీ తెలిసేలా, వెళ్లమన్నా వెళ్లకుండా, పన్నెండేళ్లు విడవకుండా ఉన్న మనిషి ఆ చోటు నాది అని కోర్టుకి వెళ్లొచ్చు. మీరు దయతలచి ఉండనిచ్చి ఉంటే దాలమ్మకి ఏమీ వచ్చేది కాదు. జీతమిచ్చి ఉంటే వచ్చేది కాదు. అద్దె తీసుకున్నా వచ్చేది కాదు. మీరు ఏమీ ఇవ్వలేదని, నోటీసిస్తే కాల్చేసిందని, ముప్పై నాలుగేళ్లుగా మీరే తలుపు తట్టారని నువ్వు మూడు పేజీల్లో తొమ్మిది మంది సాక్షులతో రాశావు. గెలుస్తుందో లేదో జడ్జీ చెప్పాలి. కానీ ఇంత మంచి కాగితం ఏ లాయరూ రాయలేడు.

ఆ ఫైలు మీద పని చేశాను గనక నేను దాలమ్మకి లాయరుగా నిలబడకూడదు. నిలబడను. దుర్గాదేవి అని నా కాలేజీ స్నేహితురాలు ఉంది, ఆలీపూర్ కోర్టులో సివిల్ కేసులు చూస్తుంది. వకాల్తా ఆవిడ వేసింది. దావా నిన్న దాఖలైంది. వంటిల్లు, మెట్లు, గుమ్మం; కాశీ వెళ్లిన యజమాని వారసుల మీదా, అవి మీవంటున్న మీ నలభై ఇద్దరి మీదా. సార్ దగ్గర విన్నవి, ప్రమోటరు కాగితాలు ఒక్కటీ ఆవిడకి ఇవ్వలేదు. దస్తావేజు రిజిస్ట్రీలో ఎవరైనా నకలు తీసుకోవచ్చు, తీసుకుంది. మిగతావి నువ్వు నాకు రాసినవి.

దాలమ్మకి దావా గురించి చెబుతూ ఉంటే మధ్యలో ఆపేసి, "బంగారయ్య మీద కేసేటే?" అంది. అవునన్నాను. "ఆడు మంచోడే. నోరు ఎక్కువ, అంతే" అంది. వేలిముద్ర వేసింది. తర్వాత సందులో ఉన్న మంచాన్ని ఇస్త్రీ అతని చేత లోపలికి మోయించి వంటింట్లో వేయించింది. నేలమీద పడుకుంటే ఇప్పుడు మోకాళ్లు పట్టేస్తున్నాయట. ఆవిడ అడగలేదు, నేను వద్దనలేదు. అది నీ మంచమే, కావాలంటే నువ్వూ కేసు వేసుకో.

నాన్న నాతో మాట్లాడటం లేదు. ఆయన తొమ్మిదో మంచం, మొదటి షిఫ్టు, కాబట్టి ఆయన పేరూ ఉంది. అమ్మ మాత్రం ఎదురింటావిడతో "మా చిన్ని జడ్జీ అయింది" అని చెబుతోంది. నేను దిద్దలేదు.

నిన్ను నేను మోసం చేశాననే అంటావు. లాయరుకి చూపించుకోమన్నాను, నువ్వు వద్దనుకున్నావు. ఎవరికి పనికొస్తుందో చెప్పనన్నాను, నువ్వు నీకు కావలసింది చదువుకున్నావు. ఇంతకంటే ఇంకేమీ రాయను.

కోర్టు నుంచి నీకు సమన్లు వస్తాయి. పోస్టుమాస్టరు చేత తిప్పి పంపించకు, తీసుకో. మొదటి ప్రతివాది నువ్వు. జూన్ పదహారున వాయిదా. నేను దాలమ్మ వైపు సాక్షిని, నీ ఉత్తరాలు కోర్టులో నేనే చదువుతాను.

సౌజన్య